పెరటి చెట్టూ, షుగర్ గోలీ
(నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టిన కూలీల స్మృతిలో నందికొండలో చేసిన ఉపన్యాస పాఠం)



స్మారకోపన్యాసం అంటే మామూలుగా ఒక పెద్దమనిషి పేరు మీద జరుగుతుంది. ఇది పేర్లు రాసిపెట్టని వాళ్ళ కోసం జరుగుతున్నది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడ పునాదిరాయి వేశాక ఈ కొండల నడుమ రాయి కొట్టినవాళ్ళు, తట్టలు మోసినవాళ్ళు, పరంజాల మీద నిలబడి రాయి మీద రాయి పేర్చినవాళ్ళు వేలమంది. దాదాపు 124 మీటర్ల ఎత్తు లేచిన ఈ రాతికట్టడాన్ని మోసుకొచ్చింది వాళ్ళ భుజాలే. పనిలోనే ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళూ అందులో ఉన్నారు. వాళ్ళందరికీ తలవంచి నమస్కరిస్తున్నాను.

నేను వైద్యుణ్ణి. వాళ్ళకు నివాళిగా నాకు తెలిసిన పనిలోంచే ఒక విషయం తెచ్చాను. ఆ కూలీల కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళు ఈరోజు వైద్యుల ముందు బారులు తీరుతున్నది షుగర్ జబ్బుతో. వాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "సారూ, గోలీలు బంద్ పెట్టి చెట్ల మందు తాగితే షుగర్ పోతదంటున్నరు, నిజమేనా?" ఈ ప్రశ్నను నవ్వి కొట్టిపారేసే వైద్యులున్నారు. కసిరి పంపేవాళ్ళూ ఉన్నారు. జవాబు దొరకని మనిషి, జవాబు ఉందని చెప్పే దుకాణానికి పోతాడు. అందుకే ఈ సాయంత్రం ఆ ఒక్క ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పాలనుకున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. చెట్లలో బలం ఉంది. ఆ బలాన్ని కొలిచి, గోలీకి తోడుగా, వైద్యుడికి చెప్పి వాడుకుంటే మేలు. కొలవకుండా గోలీకి బదులుగా వాడితే కళ్ళు, కిడ్నీలు, కాళ్ళు చేజారతాయి.

జొన్న నుంచి వరికి

ఆనకట్ట కట్టిన రోజుల్లో నల్లగొండ, పాలమూరు మెట్ట ఊళ్ళలో రోజువారీ తిండి జొన్నరొట్టె, జొన్న గటుక, సజ్జరొట్టె, కొర్రన్నం, అంబలి. పక్కన పుంటికూర, ఉలవచారు, పచ్చిపులుసు. వరి అన్నం పండుగనాడు. ఆ తిండిని ఇప్పుడు మనం పొగుడుకుంటున్నాం కాని, అప్పటివాళ్ళకు అది ఇష్టపడి ఎంచుకున్న ఆరోగ్యాహారం కాదు. ఉన్నదదే. అదీ కడుపునిండా దొరకని రోజులు చాలా ఉండేవి. దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టిన, కాలువలు తవ్విన పాలమూరు కూలీలు ఆకలికి ఊరు విడిచినవాళ్ళే.

1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. లాల్ బహదూర్ కాలువ వెంట హాలియా, నిడమనూరు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పచ్చబడ్డాయి. మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు వెలిశాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చింది. తరతరాల ఆకలి తీరింది. దీన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు కడుపునిండిన మనకెవరికీ లేదు.

అయితే అన్నం పెరిగిన కాలంలోనే ఒంటిపని తగ్గింది. నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది. రోలు, తిరగలి మూలకు చేరాయి. మైలు దూరం నడిచే మనిషి వీధి చివరికి బండి తీస్తున్నాడు. మూడు పూటలా పాలిష్ బియ్యం, చక్కెర చాయ్, కూర్చుని చేసే పని: ఈ మూడూ కలిసిన చోట షుగర్ వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారు.

పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ఏళ్ళ తరబడి చేసిన పరిశోధన ఈ సభకు మరీ దగ్గరిది. తల్లి కడుపులో చాలీచాలని పోషణతో పెరిగిన బిడ్డ సన్నగా పుడుతుంది. కాని కండ తక్కువై, కొవ్వు పాలు ఎక్కువై పుడుతుంది. ఆ బిడ్డ పెద్దయ్యాక తిండి పెరిగి పని తగ్గితే షుగర్ వచ్చే ముప్పు ఎక్కువ. అంటే ఒకప్పుడు అర్ధాకలితో తట్టలు మోసిన తల్లుల కష్టం, వాళ్ళ పిల్లల ఒంట్లో ఇప్పుడు తేలుతూ ఉండవచ్చు. షుగర్ వచ్చినవాణ్ణి "తిని తిని తెచ్చుకున్నావు" అని నిందించేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

సుశ్రుతుడు చెప్పిన వైద్యం

మన పాతవాళ్ళకు ఈ జబ్బు తెలియనిది కాదు. చరకుడు ప్రమేహాలు ఇరవై అన్నాడు. సుశ్రుతుడు పుట్టుకతో వచ్చేది వేరు, తిండి అలవాట్ల వల్ల వచ్చేది వేరు అన్నాడు. మొదటిదాంట్లో రోగి బక్కగా ఉంటాడనీ, రెండోదాంట్లో లావుగా ఉంటాడనీ గుర్తించాడు. టైప్ 1, టైప్ 2 అని ఇప్పుడు మనం చేస్తున్న విభజనకు ఇది ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉంది.

ఇంకా ఆశ్చర్యం ఆయన చెప్పిన చికిత్స. డబ్బులేని ప్రమేహ రోగి ఊరికొక్క రాత్రి చొప్పున నూరు యోజనాలు నడవాలి. చామలు, నివ్వరి వంటి అడవి గింజలతో బతకాలి. బావి తవ్వాలి. ఆకులూ వేర్లూ కూడా చెప్పాడు, కాని వాటితోపాటు నడకనూ మట్టిపనినీ మందుల వరుసలోనే పెట్టాడు. ఇప్పుడు ఆయుర్వేదం పేరుతో డబ్బాలు అమ్మేవాళ్ళు ఈ భాగాన్ని వదిలేసి, పొడి భాగాన్ని మాత్రమే పట్టుకున్నారు. నడకను డబ్బాలో పెట్టి అమ్మలేరు కదా!

సుశ్రుతుడి మాటల్లో ఒకటి మాత్రం ఇప్పుడు పాటించకూడదు. చెప్పుల్లేకుండా నడవమన్నాడు. షుగర్ ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పాత గ్రంథాన్ని గౌరవించడమంటే ఇలా వాక్యం వాక్యం పరీక్షించి తీసుకోవడమే.

మొక్క గోలీ అయిన దారి

"ఇంగ్లీషు గోలీలన్నీ కెమికల్, చెట్ల మందు సహజం" అంటారు చాలామంది. షుగర్‌కు ఎక్కువగా రాసే గోలీ మెట్‌ఫార్మిన్. దాని పుట్టుక ఎక్కడో చూడండి. యూరప్‌లో గలేగా అనే మొక్కను పల్లె వైద్యంలో వాడేవారు. పశువులు దాన్ని మేస్తే విషమయ్యేది కూడా. అందులోని పదార్థం రక్తంలో చక్కెరను తగ్గిస్తుందని తేలింది. దాన్ని పోలిన పదార్థాల మీద రసాయన శాస్త్రవేత్తలు పనిచేశారు. 1922లో మెట్‌ఫార్మిన్ తయారైంది. 1957లో ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ దాన్ని మనుషుల్లో వాడి ఫలితం ప్రకటించాడు. అమెరికా అనుమతి 1994లో గాని రాలేదు. ఆ కుటుంబానికే చెందిన ఫెన్‌ఫార్మిన్ అనే గోలీ రక్తంలో ఆమ్లం పెంచి ప్రాణాలు తీస్తున్నదని తేలితే దాన్ని తీసేశారు. మన దేశంలో 2003లో నిషేధించారు.

కిడ్నీల ద్వారా చక్కెరను బయటికి పంపే కొత్త గోలీలు వచ్చాయి. వాటి మూలం 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడులో దొరికిన ఫ్లోరిజిన్ అనే పదార్థం. బెరడు నుంచి గోలీదాకా పట్టిన కాలం నూట డెబ్బయి అయిదేళ్ళకు పైనే.

గోలీ కూడా చాలాసార్లు చెట్టు బిడ్డే అన్నమాట. పసరుకూ దానికీ ఉన్న తేడా కొలత. ఎంత మోతాదు పనిచేస్తుంది, ఎంత దాటితే విషం, ఎవరికి పడదు, ఇంకే మందుతో కలవకూడదు: ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు దొరికిన మొక్క మందవుతుంది. జవాబు దొరకనిది చెడ్డదని కాదు, దాని మీద ఇంకా పని మిగిలి ఉందని అర్థం.

మన చెట్లు, మన గింజలు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. మెంతుల విషయంలో ఆ సామెత తప్పని నిరూపించింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థే. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. అక్కడ ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్ వంటి శాస్త్రవేత్తలు 1980ల చివర, 1990ల మొదట్లో మెంతుల్ని రోగుల మీద పరీక్షించారు. ఇన్సులిన్ మీద ఉన్న కొద్దిమంది రోగులకు కొవ్వు తీసేసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు రొట్టెల్లో కలిపి పది రోజులు ఇచ్చారు. ఇరవైనాలుగు గంటల మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. ఆ పది రోజులూ రోగులు ఇన్సులిన్ ఆపలేదు. ఈ రెండో సంగతి చెప్పకుండా మొదటి సంగతి చెప్పేవాళ్ళను నమ్మకండి.

మెంతుల్లో దాదాపు సగం పీచే. నీళ్ళలో నానితే జిగురుగా మారే పీచు అందులో చాలా ఉంది. అది పేగుల్లో చక్కెర రక్తంలోకి ఎక్కే వేగాన్ని తగ్గిస్తుంది. కాబట్టి నానబెట్టిన నీళ్ళు తాగి గింజలు పారబోస్తే అసలు మందు పారబోసినట్టే. గింజలు నమిలి తినాలి, లేదా పొడిచేసి జొన్నపిండిలో, మజ్జిగలో, పప్పులో కలుపుకోవాలి. కొద్దిగా మొదలుపెట్టి, కడుపు ఓర్చుకున్నంతవరకు రోజుకు 25 గ్రాముల దాకా రెండు పూటలుగా తీసుకోవచ్చు. మొదట్లో కడుపుబ్బరం, విరేచనాలు కావచ్చు. రక్తాన్ని పలచన చేసే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా ఇంత మోతాదు తీసుకోకూడదు.

2015లో ప్రచురించిన ఇంకో అధ్యయనమూ హైదరాబాదుదే. షుగర్ గడప దగ్గర ఉన్న 140 మందిని మూడేళ్ళు చూశారు. అందులో కొందరు తిండికి ముందు రోజుకు రెండుసార్లు అయిదేసి గ్రాముల మెంతిపొడి తీసుకున్నారు. తీసుకోనివాళ్ళలో షుగర్‌గా మారే అవకాశం నాలుగింతలకు పైగా కనబడింది. చిన్న అధ్యయనమే, ఎవరు ఏం తింటున్నారో అందరికీ తెలిసిన అధ్యయనమే. అయినా పోపుడబ్బాలోని ఈ గింజకున్న సాక్ష్యం కన్నా మంచిది ఇంకే నాటుమందుకూ నేను చూపించలేను.

ఇక వేగిస సంగతి. నల్లమలలో పెరిగే చెట్టు. దాని చేవతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున పరగడుపున తాగుతారు. భారత వైద్య పరిశోధన మండలి దీన్ని నాలుగు కేంద్రాల్లో పరీక్షించి 1998లో ఫలితాలు ప్రకటించింది. కొత్తగా షుగర్ బయటపడిన 97 మందిలో 67 మందికి పన్నెండు వారాల్లో చక్కెర అదుపులోకి వచ్చింది. మంచి ఫలితమే. అయితే వాళ్ళకిచ్చింది గ్రాముల్లో తూచిన సారం, రోజుకు 2 నుంచి 4 గ్రాములు. పైగా వాళ్ళు జబ్బు తొలిదశలో ఉన్నవాళ్ళు. పోల్చి చూడటానికి వేరే మందు ఇచ్చిన జట్టు ఆ పరీక్షలో లేదు. మన గ్లాసులోకి మొదటివారం దిగే సారమెంత, ఆర్నెల్ల తర్వాత దిగేదెంత? తాగేవాళ్ళెవరూ తూచరు. నీళ్ళ రంగు మారిందని మందు దిగిందనుకోవడం సరిపోదు.

పొడపత్రి ఆకు నమిలితే ఆ తర్వాత నోట్లో వేసుకున్న చక్కెర ఇసుకలా ఉంటుంది. తీపిని గుర్తించే నాలుక కణాలను అది కాసేపు మూస్తుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో షణ్ముగసుందరం బృందం, 1990లో ప్రచురించిన అధ్యయనంలో, గోలీలు వాడుతున్న 22 మందికి రోజుకు 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారం ఏడాదిన్నరకు పైగా ఇచ్చింది. చక్కెర తగ్గింది. అయిదుగురు గోలీలు మానగలిగారు. ఆశ కలిగించే ఫలితం. ముప్పై ఏళ్ళు దాటినా దాన్ని వందలమంది మీద గట్టిగా మళ్ళీ పరీక్షించలేదు. ఇది ఆకు తప్పు కాదు, మన తప్పు.

కాకరకాయలో చక్కెర తగ్గించే పదార్థాలున్నాయి. అయినా మనుషుల మీద జరిగిన పరీక్షలన్నీ తిరగేసిన కొక్రేన్ సంస్థ సమీక్ష 2012లో, రుజువు చాలదని తేల్చింది. అదే ఏడాది దాల్చినచెక్క మీదా అదే మాట చెప్పింది. కాకరకాయ కూరను హాయిగా తినండి. అది అన్నం తగ్గించి కూర పెంచుతుంది, అదే పెద్ద లాభం. నేరేడు గింజల పొడి ఎలుకల మీద బాగానే పనిచేసింది. బ్రెజిల్‌లో నేరేడాకు టీని రోగుల మీద జాగ్రత్తగా పరీక్షిస్తే ఫలితం కనబడలేదు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వును ఆయుర్వేదం ప్రమేహానికి చెప్పింది. దాని మీద కూడా మనుషుల పరీక్షలు చాలినన్ని లేవు. కుండీల్లో పెంచుతున్న ఇన్సులిన్ మొక్క పేరులో ఇన్సులిన్ ఉంది, ఆకులో లేదు.

పసరుతో పోయే ప్రాణాలు

సహజమైనదల్లా మేలు చేస్తుందన్న నమ్మకం మనల్ని దెబ్బతీస్తున్నది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త సొరకాయ, కాకరకాయ రసం కలిపి తాగి చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం ఒక హెచ్చరిక చేసింది. చేదుగా ఉన్న సొరకాయ రసం తాగకూడదు. చేదు సొరకాయలో ఉండే విషపదార్థాలు కడుపును, పేగుల్ని దెబ్బతీసి రక్తం కక్కిస్తాయి. కాకర చేదు ఆ చేదును కప్పేస్తుంది. అందుకే ఈ రెండూ కలిపి ఎప్పుడూ తాగకండి. ఒక ముక్క కొరికి చూసి, చేదుగా ఉంటే సొరకాయను పారేయండి.

తిప్పతీగను కరోనా రోజుల్లో కషాయంగా విపరీతంగా తాగారు. 2021లో ముంబై వైద్యులు దాన్ని వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసుల్ని ప్రకటించారు. అందరికీ అలా అవుతుందని కాదు. కామెర్లు, వాంతులు, విపరీతమైన నీరసం వస్తే ఏ పసరైనా వెంటనే ఆపి, తాగిన సంగతి వైద్యుడికి చెప్పాలి.

మూడో ముప్పు కల్తీ. 2004లో అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనికో దొరికింది. 2008లో సింగపూర్‌లో అక్రమంగా అమ్మిన బలం గోలీల్లో గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు కలిసి ఉంది. షుగర్ లేని మనుషులు చక్కెర పడిపోయి ఆసుపత్రుల పాలయ్యారు, నలుగురు చనిపోయారు. పేరులేని పొడి తిన్న మూడోరోజే షుగర్ సగానికి పడిపోయిందని ఎవరైనా చెబితే నేను సంతోషపడను. అందులో ఏ గోలీ నూరి కలిపారో అని భయపడతాను.

ఈ జిల్లాలో ఇంకో జాగ్రత్త కావాలి. మునుగోడు, మర్రిగూడ ఊళ్ళు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిన ఊళ్ళు. నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతికి మన జిల్లా పేరు వచ్చింది ఈ బాధవల్లే. ఒంట్లోని ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీ. షుగర్ కిడ్నీని అరగదీస్తుంది. దానిమీద సీసం, పాదరసం కలిసిన భస్మం వేస్తే ఆ కిడ్నీ ఎంతకాలం ఆగుతుంది?

షుగర్ పూర్తిగా నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం చట్టవిరుద్ధం. 1954 నాటి అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టంలో ఈ జబ్బు పేరు జాబితాలోనే ఉంది. గోడలమీద, ఆటోలమీద, ఫోన్లలో ఆ ప్రకటన కనబడితే దాన్ని ఔషధ నియంత్రణ అధికారులకు తెలియజేయండి. అది మన హక్కు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది గోలీలు మానేసి పసరుకు పోయినవాళ్ళను చూడటం. మొదటి నెల ఏమీ తెలియదు. నొప్పి లేదు, జ్వరం లేదు. కొందరికి ఏడాదికే కాలివేలు నల్లబడుతుంది. అప్పుడు కుటుంబమంతా అప్పుచేసి పట్నం ఆసుపత్రికి పరుగెడుతుంది. బ్రిటన్‌లో వేలమందిని చూసిన అధ్యయనంలో తేలినదేమిటంటే, మూడు నెలల చక్కెర సగటును చూపే పరీక్ష (హెచ్‌బిఎ1సి) అంకె ఒక్క శాతం తగ్గితే కళ్ళు, కిడ్నీలు, నరాలు దెబ్బతినే ముప్పు 37 శాతం తగ్గుతుంది. గోలీ చేసే మేలు కంటికి కనబడదు. కాలు ఉండటమే దాని మేలు.

డబ్బాల్లో అమ్మే బలం

సప్లిమెంట్ల గురించి తక్కువ మాటల్లో చెబుతాను, ఎందుకంటే చెప్పదగ్గది తక్కువ. విటమిన్ డి షుగర్‌ను ఆపుతుందేమోనని అమెరికాలో 2,423 మందికి ఏళ్ళ తరబడి ఇచ్చి చూశారు. 2019లో ఫలితం వచ్చింది, చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒంట్లో డి తక్కువుంటే ఎముకల కోసం తీసుకోండి, షుగర్ కోసం కాదు. క్రోమియం మీద ఫలితాలు ఒకదానికొకటి పొసగవు.

ఒక్క సప్లిమెంట్ మాత్రం చాలామందికి నిజంగా కావాలి, దాన్ని ఎవరూ గట్టిగా ప్రచారం చేయరు: బి12. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే ఒంటికి బి12 అందడం తగ్గుతుంది. మాంసం, గుడ్లు, పాలు తక్కువ తినేవాళ్ళలో ఇంకా ఎక్కువ. అరికాళ్ళు మొద్దుబారితే అది షుగర్ వల్లే అనుకుని ఊరుకుంటారు. కొన్నిసార్లు అది బి12 లోపం. చిన్న రక్తపరీక్షతో తెలుస్తుంది, చవక గోలీతో సరిపోతుంది.

కంచం, నడక

ఇక అసలు సహజ వైద్యానికి వద్దాం. చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం షుగర్ గడప దగ్గర ఉన్న 531 మందిని తీసుకుని, తిండి మార్పు, నడక కొందరికి, మెట్‌ఫార్మిన్ కొందరికి, రెండూ కొందరికి ఇచ్చి 2006లో ఫలితం చెప్పింది. తిండి, నడకతో ముప్పు 28.5 శాతం తగ్గింది. గోలీతో 26.4 శాతం. మన దక్షిణాదిలోనే, మనలాంటి తిండి తినేవాళ్ళలో, నడక గోలీతో సమానంగా నిలబడింది. ఇంతటి రుజువు ఏ ఆకుకూ లేదు.

బ్రిటన్‌లో 2017లో వచ్చిన అధ్యయనంలో బరువు తగ్గించే కార్యక్రమంలో చేర్చిన రోగుల్లో దాదాపు సగం మందికి ఏడాది చివరికి గోలీల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది. కొత్తగా జబ్బు వచ్చి, ఒళ్ళు బరువున్నవాళ్ళకు ఇది ఆశ. అయితే బరువు తిరిగొస్తే షుగరూ తిరిగొస్తుంది. వైద్యుడి కన్ను ఉండగానే, పరీక్షలు చేయించుకుంటూనే గోలీ తగ్గించాలి.

జొన్న, కొర్రలు మళ్ళీ ఇళ్ళలోకి వస్తున్నాయి. సిరిధాన్యాల ప్రచారానికి ఖాదర్ వలీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పోషకాహార సంస్థతో కలిసి 65 అధ్యయనాలను కూర్చి 2021లో లెక్కతేల్చారు. తిన్న గింజ రక్తంలో చక్కెరను ఎంతగా పెంచుతుందో చెప్పే అంకె గ్లైసిమిక్ ఇండెక్స్. చిరుధాన్యాలకు అది సగటున 52.7. పాలిష్ బియ్యం కన్నా ఇది తక్కువ. వరి వదల్లేని వాళ్ళకు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో ఇచ్చిన తెలంగాణ సోనా ఉంది. రైతులు ఆర్‌ఎన్‌ఆర్ అని పిలిచే రకం. దాని గ్లైసిమిక్ ఇండెక్స్ సుమారు 51. అలాగని తెలంగాణ సోనా మూడు కంచాలు తింటే ఆ అంకె కాపాడదు. జొన్నరొట్టెలు నాలుగు తిన్నా అంతే. మారాల్సింది గింజ ఒక్కటే కాదు, కంచంలో దాని వాటా. సగం కంచం కూరలు, పావు కంచం పప్పు, గుడ్డు, చేప వంటివి, పావు కంచం మాత్రమే అన్నమో రొట్టో.

ఇంకో రెండు నమ్మకాలు. బెల్లం, తేనె సహజం కాబట్టి షుగర్ పెంచవంటారు. పెంచుతాయి. ఈతకల్లు, తాటికల్లు షుగర్‌కు మంచివంటారు. కల్లులో చక్కెరా ఉంది, ఆల్కహాలూ ఉంది. గోలీ వేసుకుని తిండి తినకుండా కల్లు తాగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మన నల్లగొండ బత్తాయి పండుగా తినండి, ఒకటి. గ్లాసులో నాలుగు పిండుకుని తాగకండి, అప్పుడు పీచు పోయి చక్కెర మిగులుతుంది.

మనం చేయాల్సింది

ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి పరగడుపున రక్తపరీక్ష చేయించుకోవాలి. వందలోపు మంచిది, 100 నుంచి 125 దాకా హెచ్చరిక, 126 గాని అంతకు మించి గాని ఉంటే మళ్ళీ పరీక్షించి షుగర్ అని తేల్చుకోవాలి. చెట్ల మందు వాడదలిస్తే ఒక్కటే వాడండి, ఒకేసారి నాలుగు కలపకండి. మొదలుపెట్టేముందు మూడు నెలల సగటు చూసుకోండి, మూడు నెలల తర్వాత మళ్ళీ చూసుకోండి. తగ్గితే వైద్యుడే గోలీ తగ్గిస్తాడు. తగ్గకపోతే ఆ పొడికి డబ్బు దండగ చేయకండి. గోలీతో కలిసి చక్కెర పడిపోవచ్చు కాబట్టి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తే వెంటనే చక్కెర నీళ్ళు తాగాలి.

నా తోటి వైద్యులకు ఒక విన్నపం. రోగి పసరు తాగుతున్నానని చెబితే కోప్పడకండి. కోప్పడితే వచ్చేసారి దాచిపెడతాడు. ఏమి తాగుతున్నాడో చీటీలో రాయండి. నాటువైద్యులకూ ఒక విన్నపం. మీ దగ్గర తరతరాల అనుభవం ఉంది. పాదానికి పుండు పడితే, చూపు మందగిస్తే, పరగడుపు షుగర్ 250 దాటితే రోగిని ఆసుపత్రికి పంపండి. అలా పంపితే మీ గౌరవం తగ్గదు, పెరుగుతుంది. విశ్వవిద్యాలయాలకు, ప్రభుత్వానికి ఒక విన్నపం. నల్లమల పొడపత్రిని, వేగిసను, మన తంగేడును మన రోగుల మీదే, మన ఆసుపత్రుల్లోనే, నిక్కచ్చిగా పరీక్షించండి. ఆ ఆకులు ఏరే చెంచులకు అందులో న్యాయమైన వాటా ఇవ్వండి. పనిచేస్తే ప్రపంచానికి ఒక మందు ఇచ్చినవాళ్ళమవుతాం. పనిచేయకపోతే పేదవాడి డబ్బు మిగిల్చినవాళ్ళమవుతాం. రెండూ మంచి పనులే.

ఆనకట్ట కట్టినవాళ్ళకు ఒంటి కష్టం తప్ప వేరే ఆస్తి లేదు. వాళ్ళ పిల్లలకు కడుపునిండా తిండి దొరకాలని వాళ్ళు కోరుకున్నారు, దొరికింది. ఆ తిండే జబ్బుగా మారకుండా చూసుకోవడం ఇప్పుడు మన వంతు. రేపు పొద్దున ఇంట్లో ముప్పై దాటినవాళ్ళందరూ పరగడుపున రక్తపరీక్షకు పోండి. గోలీ ఉన్నవాళ్ళు గోలీ వేసుకోండి, మెంతులు నానబెట్టుకోండి, చెప్పులు వేసుకుని నడవండి.